మన వాళ్లు చూసిన యుద్ధాలు ఎవరు రాస్తారు? కోరంగి రేవు నుంచి కువైట్ దాకా

ఐ.పోలవరం: 2025 జూన్ 23, సోమవారం. మనకి రాత్రి పది గంటల వేళ. ఖతార్‌లో అల్ ఉదైద్ దగ్గరున్న అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. అంతకు కాసేపటి ముందే ఖతార్ తన గగనతలం మూసేసింది. టీవీల్లో దోహా ఆకాశంలో నిప్పురవ్వలు కనిపించాయి. ఇక్కడ కోనసీమలో ఫోన్లు మోగడం మొదలైంది.

ఎందుకు మోగవు? ఐ.పోలవరం, ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు... ఈ లంకల్లో గల్ఫ్‌కి మనిషిని పంపని వీధి వెతికితే గానీ దొరకదు. కొడుకు దోహాలో డ్రైవర్, కూతురు కువైట్‌లో ఖద్దామా, అల్లుడు దుబాయ్‌లో ఏసీ మెకానిక్. ఆ రాత్రి ఫోన్ ఎత్తినవాళ్లు చెప్పే మాట అందరికీ తెలిసిందే: బాగానే ఉన్నాం, మీరేం కంగారు పడకండి. ఎత్తనివాళ్ల ఇళ్లలో ఫజర్ దాకా లైటు ఆరలేదు.

తెల్లారింది. కాల్పుల విరమణ అన్నారు. విమానాలు మళ్లీ ఎగిరాయి. వారం తిరిగేసరికి ఆ రాత్రి సంగతి మాట్లాడుకోవడం మానేశాం. ఆ గంటల్లో ఆ తల్లి ఏం చేసింది, దోహా గదిలో ఆ అబ్బాయి కిటికీ దగ్గర నిలబడ్డాడా, మంచం కింద దూరాడా, ఎవరూ అడగలేదు, ఎవరూ రాసుకోలేదు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మన ప్రాంతపు కథ మొదటి నుంచీ ఇదే. గోదావరి గట్టు మీది కూలి మనిషి నూటేళ్లుగా ఇతరుల యుద్ధాల మధ్యలో నుంచి నడిచి ఇంటికొస్తున్నాడు. వచ్చాక నోరు మూసుకుంటున్నాడు. ఆ మౌనం వల్ల మనం ఏం పోగొట్టుకుంటున్నామో ఒకసారి లెక్క చూసుకోవాలి.

టీవీలో జరిగే యుద్ధం వేరు

2025 మే నెల గుర్తుందా? పహల్గామ్‌లో అమాయక పర్యాటకుల్ని చంపారు. దేశమంతా కన్నీళ్లు పెట్టింది. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది, 10న కాల్పులు ఆగాయి. ఆ నాలుగు రోజులూ స్టూడియోల్లో సైరన్లు మోగాయి. కరాచీ ఓడరేవు ధ్వంసమైపోయిందని కొన్ని చానళ్లు చెప్పేశాయి. తెల్లారి చూస్తే ఓడరేవు ఉన్నచోటే ఉంది. పూంఛ్‌లో పాకిస్తాన్ ఫిరంగి గుండు తగిలి చనిపోయిన ఒక మదర్సా టీచర్‌ని ఉగ్రవాది అని చూపించారు. అది అబద్ధమని చివరికి అక్కడి పోలీసులే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. అదే పూంఛ్‌లో ఆ గుండ్లకి ముస్లింలూ పోయారు, సిక్కులూ పోయారు, హిందువులూ పోయారు, పసిపిల్లలూ పోయారు. వాళ్ల గురించి ఆ స్టూడియోల్లో ఎంతసేపు మాట్లాడారు?

మన ఇళ్లలో పిల్లలు ఈ యుద్ధాలనే చూస్తున్నారు. మ్యాపు మీద ఎర్ర బాణాలు, క్రికెట్ స్కోరులా ఎన్ని విమానాలు పడ్డాయన్న లెక్క, వాట్సాప్‌లో వీడియో గేమ్ దృశ్యాల్ని నిజమని పంపే ఫార్వర్డులు. గాజా సంగతి చూడండి. 2025 అక్టోబర్‌లో కాల్పుల విరమణ నాటికి అక్కడి ఆరోగ్య శాఖ లెక్కలో మృతులు 67 వేలు దాటారు. ఆ అంకె చదివి మనం "అయ్యో" అంటాం. అంకె కదా, కాసేపటికి మరిచిపోతాం. అయితే రెఫాత్ అల్ అరీర్ అనే గాజా అధ్యాపకుడు, కవి 2023 డిసెంబర్‌లో బాంబు దాడిలో చనిపోయాక, ఆయన రాసిన చిన్న ఇంగ్లిష్ కవిత ఎన్నో భాషల్లోకి వెళ్లింది. అందులో ఉన్నది ఒక మనిషి, ఒక పిల్లవాడు, ఒక గాలిపటం. అంకె నిలవని చోట అది నిలిచింది.

యుద్ధం వచ్చినప్పుడు బయటివాళ్లు మనల్ని అడిగే మొదటి ప్రశ్న "నువ్వు ఎవరి వైపు?" అని. మంచి పుస్తకం అడిగేది వేరే: "ఇంటికి ఎవరు రాలేదు?" అని. మన పిల్లలకి ఆ రెండో ప్రశ్న నేర్పాలంటే టీవీ చాలదు.

మన ఇంట్లోనే ఉన్న యుద్ధ సాహిత్యం

యుద్ధ సాహిత్యం అనగానే జర్మన్ రచయిత రెమార్క్ 1929లో అచ్చువేసిన 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' లాంటి పుస్తకాలు చెబుతారు. గొప్ప పుస్తకమే. సైన్యంలో చేరిన బడి పిల్లల కథ. నాజీలు దాన్ని 1933లో తగలబెట్టారు కూడా. కానీ అంత దూరం పోకముందే మన ఇంట్లో ఏముందో చూద్దాం.

మర్సియా. పందొమ్మిదో శతాబ్దంలో లక్నోలో మీర్ అనీస్, మీర్జా దబీర్ రాసిన మర్సియాలు కర్బలా మైదానం మీదివి. వాటిలో కత్తుల మెరుపు ఉంటుంది గానీ, వినేవాళ్లు ఏడ్చేది అక్కడ కాదు. దాహంతో అల్లాడే పిల్లల దగ్గర, అన్నని సాగనంపే చెల్లెలి దగ్గర, రౌతు లేకుండా తిరిగొచ్చిన గుర్రం దగ్గర. పదమూడు వందల ఏళ్ల నాటి యుద్ధం నిన్న జరిగినట్టు గుండెకి తగలడానికి కారణం ఆ చిన్న చిన్న సంగతులే. మన పల్లెల్లో పీర్ల పండగ నాడు తెలుగులో పాడే హసన్ హుసేన్ల పాటలూ అంతే. వాటిని హిందువులూ మనవాళ్లూ కలిసి పాడారు, ఇంకా పాడుతున్నారు.

తెలుగువాళ్లకి ఇది కొత్తేం కాదు. తిక్కన తెనిగించిన భారతంలో యుద్ధ పర్వాలు అయిపోయాక స్త్రీ పర్వం వస్తుంది. గెలిచినవాళ్ల ఊరేగింపు బదులు, శవాల మధ్య తమవాళ్ల కోసం వెతుక్కునే ఆడవాళ్లని కవి మన ముందు నిలబెడతాడు.

ఇక గాలిబ్. 1857లో ఢిల్లీ తగలబడినప్పుడు ఆయన ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఆ రోజుల మీద 'దస్తంబూ' అని ఫారసీలో ఒక పుస్తకం రాశాడు. అది దొరల కళ్లలో పడాలని ఆచితూచి రాసింది. అసలు ఢిల్లీ ఆయన ఉర్దూ ఉత్తరాల్లో ఉంది. ఏ గల్లీ కూల్చేశారు, ఏ బావిలో నీళ్లు ఉప్పగా మారాయి, ఏ స్నేహితుడు మిగిలాడు, ఎవరు పోయారు. దోస్తులకి రాసుకున్న ఆ చీటీలే ఇప్పుడు ఆ యుద్ధానికి సాక్ష్యం. ఆ యుద్ధంలో ఓడిన బాద్‌షా బహదూర్ షా జఫర్‌ని బందీగా రంగూన్ పంపించారు. 1862 నవంబర్‌లో అక్కడే కన్నుమూశాడు.

రంగూన్ అంటే ఉర్దూ వాళ్లకి జఫర్ సమాధి. గోదావరి వాళ్లకి మాత్రం రంగూన్ అంటే కూలి. మన పెద్దలు దాన్ని 'రంగం' అనేవారు.

కోరంగీల నడక

ఐ.పోలవరం నుంచి ఎదుర్లంక వచ్చి, గౌతమి మీద బాలయోగి వంతెన దాటితే యానాం. అక్కణ్నించి కాకినాడ రోడ్డులో కాస్త ముందుకెళితే కోరంగి. ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్తున్నాం. ఒకప్పుడు అది ఓడలు కట్టే పెద్ద రేవు. 1839 ఉప్పెన దాన్ని దెబ్బతీసింది, తర్వాత కాకినాడ పైకొచ్చింది. అయితే కోరంగి పేరు మాత్రం సముద్రం అవతల మిగిలిపోయింది. బర్మాలో తెలుగు కూలీలందరినీ, ఏ జిల్లా వాళ్లయినా సరే, 'కోరంగీలు' అనేవారు. రంగూన్ ఓడరేవులో బస్తాలు మోసింది, మరల్లో వడ్లు ఆడించింది, రిక్షాలు లాగింది చాలావరకు వీళ్లే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ జనంలో సగానికి పైగా మనవాళ్లే.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవులో పనిచేసే కూలీలు చాలామంది ఆ రోజే పోయారు. 1942 మార్చి మొదటి వారంలో బ్రిటిష్ వాళ్లు నగరం వదిలేశారు. ఓడల్లో చోటు ముందు దొరలకి, తర్వాత డబ్బున్నవాళ్లకి. మిగిలినవాళ్లు నడిచారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, కొందరు తము మీదుగా ఇంఫాల్ వైపు, చివరికి మిగిలినవాళ్లు హుకాంగ్ లోయ బురదలో లీడో వైపు. నడిచి బయటపడినవాళ్లు నాలుగైదు లక్షలని అంచనా. దారిలో కలరా, మలేరియా, ఆకలి. చనిపోయినవాళ్లు పది వేలని ఒకరంటారు, యాభై వేలు దాటారని ఇంకొకరంటారు. ఆ తేడా చూడండి. నలభై వేల ప్రాణాల తేడా! ఎవరూ లెక్క పెట్టలేదు కాబట్టే ఆ తేడా. తెల్లవాళ్లకి ఒక దారి, నల్లవాళ్లకి ఒక దారి అని అప్పట్లోనే గొడవ లేచింది.

హ్యూ టింకర్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు 1975లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. దానికి 'మరచిపోయిన సుదీర్ఘ యాత్ర' అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. అమితావ్ ఘోష్ 2000లో 'ది గ్లాస్ ప్యాలెస్' అనే ఇంగ్లిష్ నవలలో ఆ నడకని చూపించాడు. నడిచినవాళ్లలో ఎంతోమంది తెలుగువాళ్లు. వాళ్ల సొంత మాటల్లో తెలుగులో మిగిలింది మాత్రం చాలా తక్కువ. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది. ఉత్తరాంధ్రలో బర్మా కాలనీలున్నాయి. 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వం వ్యాపారాలు లాక్కున్నాక వచ్చిన కాందిశీకులు రెండో విడత. వీధి పేరు మిగిలింది. వీధిలోకి వచ్చిన మనిషి ఏం చూసి వచ్చాడో మిగల్లేదు.

ఎందుకు రాయలేదు? కారణాలు కష్టమైనవేం కాదు. కూలి మనిషికి చదువు లేదు. చదువున్న రచయితకి కూలి మనిషి నడిచిన అడవి తెలీదు. పైగా దారిలో తల్లిని వదిలేసి వచ్చినవాడు, బిడ్డని పాతిపెట్టి వచ్చినవాడు ఆ మాట నోటితో ఎలా చెబుతాడు? ఇంట్లో వాళ్లూ అడగరు. గుర్తు చేస్తే బాధపడతారని అనుకుంటారు.

కాకినాడ మీద పడ్డ బాంబులు

ఆ యుద్ధం మన గుమ్మం దాకా కూడా వచ్చింది. 1942 ఏప్రిల్ 6. జపాన్ విమానవాహక నౌక 'రియూజో' నుంచి లేచిన విమానాలు ఒకేరోజు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక ఓడలు ముంచేశారు. విశాఖ జనం మూటలు సర్దుకుని పల్లెలకి పోయారు. మనకి కాకినాడ అంటే బస్సులో గంట పైచిలుకు ప్రయాణం. స్కూల్లో పిల్లల్ని అడిగి చూడండి, పెర్ల్ హార్బర్ పేరు చెప్పేవాళ్లుంటారు. కాకినాడ మీద బాంబు పడిందని చెప్పేవాళ్లు ఎంతమంది?

ఆ యుద్ధం తాలూకు ఇంకో దెబ్బ బియ్యం మీద పడింది. బర్మా బియ్యం ఆగిపోయింది. యుద్ధకాలపు ధరలు, సర్కారు తప్పులు తోడయ్యాయి. 1943 బెంగాల్ కరువులో దాదాపు ముప్పై లక్షల మంది పోయారు. ఆ కరువుని తెలుగు పల్లెల్లో గొంతెత్తి చెప్పింది ఎవరో తెలుసా? గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి, దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్. బుర్రకథ పితామహుడు, 1986 పద్మశ్రీ. బెంగాల్ కరువు, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు... ఆయన తంబూరా పడితే వేలమంది కదలకుండా కూర్చునేవారు. ఆయన జీవిత కథ 'పింజారి' అన్న పేరుతోనే పుస్తకంగా వచ్చింది. తెలుగు నేల యుద్ధాల్ని తెలుగు జనానికి చెప్పినవాడు మనవాడే అన్న సంగతి మన పిల్లలకి ఎంతమంది చెప్పాం?

కవులూ ఊరుకోలేదు. తణుకు పక్క మండపాకలో పుట్టిన దేవరకొండ బాలగంగాధర తిలక్ 'సైనికుడి ఉత్తరం' అన్న కవిత రాశారు. ఆయన పోయాక 1968లో వచ్చిన 'అమృతం కురిసిన రాత్రి' సంపుటిలో ఉంది. సైనికుడంటే విగ్రహం అనుకునేవాళ్లు ఒకసారి చదవాలి. హైదరాబాద్‌లో మఖ్దూం మొహియుద్దీన్ 'సిపాహీ' అన్న ఉర్దూ గీతం రాశారు. దాన్ని 1960లో 'ఉస్‌నే కహా థా' హిందీ సినిమాలో పెట్టారు. ఆ సినిమాకి ఆధారమైన గులేరీ కథ మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక సిక్కు సిపాయి గురించి 1915లోనే వచ్చింది. మఖ్దూం పాట తెలంగాణ, ఆంధ్ర ఉర్దూ ఇళ్లలో ముసలివాళ్లకి ఇంకా నోటికి వచ్చు.

ఇంకొక ఉదాహరణ మనకి మరీ దగ్గరిది. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా హైదరాబాద్ మీద జరిగిన సైనిక చర్యని 'పోలీస్ యాక్షన్' అన్నారు. దాని తర్వాత పల్లెల్లో జరిగిన హింస మీద పండిట్ సుందర్‌లాల్ కమిటీ నివేదిక ఇచ్చింది. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది పోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ కాగితం దశాబ్దాల పాటు బీరువాలోనే ఉండిపోయింది. కానీ నెల్లూరి కేశవస్వామి అనే తెలుగు కథకుడు, ముస్లిం కాని మనిషి, ఆ రోజుల హైదరాబాద్ ముస్లిం కుటుంబాల గుండె చప్పుడుని 'యుగాంతం' కథలో పెట్టాడు. నివేదిక బయటికి రాకముందే కథ జనం చేతిలో ఉంది. సాహిత్యం అవసరం ఏమిటని అడిగేవాళ్లకి ఇదొక జవాబు.

1990: ఎవరూ రాయని ఎడారి

ఇప్పుడు మన తరం సంగతికి వద్దాం. 1990 ఆగస్టు 2. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. అప్పటికి కువైట్‌లో లక్షా డెబ్బై వేల మంది దాకా భారతీయులు. కేరళవాళ్ల తర్వాత మనవాళ్లు కూడా తక్కువేం కాదు. కడప జిల్లా వాళ్లు, గోదావరి జిల్లాల వాళ్లు. వంటపని, ఇంటిపని, డ్రైవరీ.

ఒక్కసారి ఆ ఇంటిపని చేసే ఆవిడ వైపు నుంచి ఆలోచించండి. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంటుంది. కఫీల్ కుటుంబం రాత్రికి రాత్రి సౌదీకి వెళ్లిపోతే? ఆమెకి అరబ్బీ నాలుగు ముక్కలొచ్చు, రోడ్లు తెలీవు. దాచుకున్న దినార్లకి విలువ పడిపోయింది. ఇరాక్ ముందు కువైట్ దినార్‌ని తన దినార్‌తో సమానం అంది, తర్వాత అసలు చెల్లదంది. ఇంటికి ఫోన్ లేదు, ఉత్తరం లేదు. ఇక్కడ తల్లిదండ్రులకి రేడియో వార్తలే దిక్కు.

బయటికి దారి ఒకటే. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు. అక్కడ ఎడారిలో గుడారాలు. ఆగస్టు ఎండ. రొట్టె కోసం లైను, నీళ్ల కోసం లైను. తర్వాత అమ్మాన్, అక్కణ్నించి విమానంలో బొంబాయి. ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి లక్షా పదకొండు వేల మందికి పైగా తెచ్చింది. ప్రపంచంలో పౌర విమానాలతో జరిగిన అతిపెద్ద తరలింపుగా గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. గర్వపడాల్సిన విషయమే.

2016లో దీని మీద 'ఎయిర్‌లిఫ్ట్' అనే హిందీ సినిమా వచ్చింది. హీరో ఒక కోటీశ్వరుడైన వ్యాపారి. సినిమాకి హీరో కావాలి, అర్థమవుతుంది. కానీ ఆ గుడారాల్లో కూర్చున్న మన వంటమనిషి ఎక్కడ? మలయాళంలో బెన్యామిన్ 2008లో 'ఆడుజీవితం' రాశాడు. అది యుద్ధం కథ కాదు, సౌదీ ఎడారిలో మేకలు కాసిన ఒక వలస కూలి కథ. పాఠకులు ఎగబడి చదివారు, 2024లో సినిమా అయింది. తెలుగులో ముస్లిం రచన కూడా ఎదిగింది. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో, 'జల్‌జలా' కవిత్వం 1998లో, ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', స్కైబాబ తెచ్చిన 'వతన్' కథలు 2004లో. మన ఇల్లు, మన వీధి, మన అవమానం, మన నవ్వు అక్షరాల్లోకి వచ్చాయి. అదే పనిగా, అంత బలంగా కువైట్ నుంచి తిరిగొచ్చిన ఖాలా కథ కూడా రావాలి కదా?

ఆమె కథ ఒకచోట కాగితం మీదకి ఎక్కింది. పరిహారం అర్జీలో! యుద్ధం అయ్యాక ఐక్యరాజ్య సమితి 1991లో ఒక పరిహార కమిషన్ పెట్టింది. కువైట్ వదిలి రావాల్సి వచ్చినవాళ్లకి, అక్కణ్నించి వచ్చేసినందుకు 2,500 డాలర్లు, వేరే ఏ కింద క్లెయిమూ పెట్టుకోమంటే 4,000 డాలర్లు, కుటుంబమైతే దానికి రెట్టింపు. మన ప్రాంతంలో ఆ డబ్బుతో ఇల్లు వేసుకున్నవాళ్లు, కూతురి నిఖా చేసినవాళ్లు ఉన్నారు. ఆ ఫారంలో పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎప్పుడు వచ్చారు అన్నది రాశారు. ఎడారిలో మొదటి రాత్రి ఎలా గడిచిందో రాయడానికి అందులో గడి లేదు.

ఇలాంటిది ఇంతకుముందూ జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లిన భారతీయ సిపాయిల ఉత్తరాల్ని సర్కారు తెరిచి, ఇంగ్లిష్‌లోకి తర్జుమా చేసి చదివేది. ఎవరైనా తిరగబడుతున్నారేమో చూడ్డానికి. ఆ ఉత్తరాల్లో ఉర్దూవి ఎన్నో. నిఘా కోసం దాచిన ఆ తర్జుమాలే లండన్‌లో మిగిలి, డేవిడ్ ఒమిస్సీ 1999లో పుస్తకం వేస్తే, మన సిపాయిల గొంతు ప్రపంచానికి వినబడింది. మనం దాచుకోనిది సర్కారు తన అవసరం కోసం దాచింది. మనకి మిగిలింది సర్కారు ఫైల్లో ముక్కే.

అడగడం ఎలా?

బెలారస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సీవిచ్‌కి 2015లో నోబెల్ వచ్చింది. ఆమె చేసింది ఏమిటంటే, రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన వందలమంది ఆడవాళ్ల ఇళ్లకి వెళ్లి, టేప్ రికార్డర్ పెట్టి, వాళ్లు చెప్పింది వినడం. తుపాకీ పట్టినవాళ్లే కాదు, వంట చేసినవాళ్లు, బట్టలుతికినవాళ్లు, నర్సులు. వాళ్లు చెప్పినవి పెద్ద పెద్ద యుద్ధ వ్యూహాలు కావు. కాళ్లకి పట్టని మగవాళ్ల బూట్లు, కత్తిరించేసిన జడలు, రక్తం వాసన. 1985లో అది పుస్తకమైంది. ఒక ఇంట్లో భర్త, భార్య సరిగ్గా చెప్పదేమోనని, ముందు రాత్రంతా కూర్చోబెట్టి యుద్ధ చరిత్ర పుస్తకం చదివించాడట. ఆ పుస్తకంలో ఉన్నది చెప్పించడానికి రచయిత్రి రాలేదన్నది ఆయనకి తట్టలేదు. దేశ విభజన మీద ఊర్వశీ బుటాలియా 1998లో తెచ్చిన పుస్తకం కూడా ఇలా ఇంటింటికీ తిరిగి విన్నదే.

ఇందులో మనం చేయలేనిది ఏముంది? అప్పట్లో ఆమెకి టేప్ రికార్డర్ మోసుకెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి జేబులో రికార్డర్ ఉంది. నోబెల్ కోసం కాదు, మన ఇంటి కోసం. అయితే కొన్ని జాగ్రత్తలు కావాలి.

ఒకటి, చిన్న ప్రశ్నలు అడగండి. "యుద్ధం ఎలా ఉంది?" అంటే "ఏముంది నాయనా, అల్లా దయ వల్ల బయటపడ్డాం" అని ముగించేస్తారు. ఆ రోజు పొద్దున ఏం వండారు, కాళ్లకి చెప్పులున్నాయా, సంచిలో ఏం పెట్టుకున్నారు, ఏం వదిలేశారు, నీళ్లు ఎవరిచ్చారు, నమాజ్ ఎక్కడ చదివారు, పక్క గుడారంలో ఎవరున్నారు అని అడగండి.

రెండు, ఆడవాళ్లు చెబుతుంటే మగవాళ్లు మధ్యలో దూరకండి. తేదీ తప్పయితే తర్వాత సరిచేసుకోవచ్చు. గొంతు ఆగిపోతే మళ్లీ రాదు.

మూడు, భాష దిద్దకండి. మన ఇళ్లలో ఉర్దూలో మొదలై తెలుగులో ముగిసే మాట, మధ్యలో కువైట్ అరబ్బీ ముక్కలు, అన్నీ అలాగే ఉండనివ్వండి. ఆ భాషే సగం కథ చెబుతుంది.

నాలుగు, వాళ్ల అనుమతి లేకుండా యూట్యూబ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. కొందరు అక్కడ పడిన బాధల్లో పిల్లలకి కూడా చెప్పనివి ఉంటాయి. చెప్పనంటే ఊరుకోండి. ఒక కాపీ ఇంట్లో, ఒక కాపీ దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలోనో, మదర్సా అల్మారాలోనో భద్రంగా పెడితే చాలు.

మిలిటరీ కుటుంబాలకీ ఇదే మాట. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఊరు మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపుతోంది. అందుకే మిలిటరీ మాధవరం అంటారు. ఊళ్లో స్మారకం ఉంది. రాతి మీద పేర్లుంటాయి. ఆ పేర్ల వెనక ఉన్న ఉత్తరాలు ఏ ట్రంకు పెట్టెలో ఉన్నాయో వాళ్ల మనవళ్లకే తెలియాలి.

టైము ఎక్కువ లేదు

లెక్క వేసుకుందాం. 1942లో బర్మా నుంచి నడిచొచ్చిన పదేళ్ల పిల్లాడు 2025 నాటికి ఉంటే 93 ఏళ్లవాడు. ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది. 1990లో కువైట్‌లో ఉన్న పాతికేళ్ల ఆడపిల్లకి 2025 నాటికి అరవై. నలభై ఏళ్లవాడికి డెబ్బై అయిదు. వీళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాకిట్లో కుర్చీ వేసుకుని తస్‌బీహ్ తిప్పుతూ కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులని, షుగర్ మందులని మాట్లాడుతున్నారు. వాళ్లు ఒక యుద్ధం మధ్యలో నుంచి నడిచి వచ్చారని ఇంట్లో చిన్నవాళ్లకి తెలియను కూడా తెలియదు.

ఇంకోపక్క కొత్త తరం మళ్లీ అదే దారిలో ఉంది. జూన్‌లో దోహా మీద ఇరాన్ క్షిపణులు, సెప్టెంబర్ 9న అదే దోహా మీద ఇజ్రాయెల్ దాడి. గల్ఫ్ ఇంకెంతమాత్రం సురక్షితం అనుకునే రోజులు కావు. అయినా కోనసీమ నుంచి వీసా మీద ఫ్లయిట్లు ఎక్కుతూనే ఉన్నారు, ఎక్కక తప్పదు. వాళ్లకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ నంబరు ఎంత అవసరమో, ముందు వెళ్లినవాళ్ల అనుభవం కూడా అంతే అవసరం. పాస్‌పోర్టు కాపీ ఎక్కడ దాచుకోవాలి, డబ్బంతా ఒకచోట ఎందుకు పెట్టుకోకూడదు, గొడవ వస్తే ముందు ఎవరి దగ్గరికి పరిగెత్తాలి... ఇవి 1990 వాళ్లకి ఒంటి మీద రాసుకున్న పాఠాలు. వాళ్లు చెప్పకపోతే ప్రతి తరం మొదటి నుంచి నేర్చుకోవాలి.

అందుకని ఒక చిన్న పని. వచ్చే జుమా నాడు, లేదా ఈసారి అందరూ ఇంటికి చేరినప్పుడు, భోజనాలయ్యాక ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, ఖాలా పక్కన కూర్చోండి. రాజకీయాలు వద్దు, సద్దాం మంచివాడా చెడ్డవాడా అన్న వాదన వద్దు. ఒకే ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి:

"ఖాలా, జోర్డాన్ ఎడారిలో ఆ మొదటి రాత్రి మీరు ఏం తిన్నారు?"